జెల్లీఫిష్ కుట్టినప్పుడు ఏది ముందు: వెనిగరా, వేడినీళ్లా, ఐసా?

కడలి_ఈత
సముద్రంలో ఈత కొట్టేవాళ్ల కోసం జేబులో పట్టే ప్రథమ చికిత్స కార్డు ఒకటి తయారుచేస్తున్నాను. జెల్లీఫిష్ దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోయింది. ఒక చోట వెనిగర్ పోయమంటారు, ఇంకో చోట దాని జోలికే పోవద్దంటారు. ఒకరు ఐస్ అంటే మరొకరు వేడినీళ్లు అంటారు. చర్మానికి అంటుకున్న జెల్లీఫిష్ తీగల్ని ప్లాస్టిక్ కార్డుతో గీకేయమనేవాళ్లూ ఉన్నారు, ముట్టుకోవద్దనేవాళ్లూ ఉన్నారు. ఏది ముందు, ఏది తర్వాత, ఎందుకు? కారణం తెలిస్తే కార్డు మీద నాలుగు ముక్కల్లో రాయగలను.

జంతుశాస్త్రి
కడలి గారూ, రెండు వేరువేరు పనుల్ని కలిపేసి చెప్పడం వల్లే ఈ గందరగోళమంతా. చర్మం మీద ఇంకా పేలకుండా మిగిలిన దంశకణాలను, అంటే కుట్టే కణాలను, ఆపడం ఒక పని. అప్పటికే ఒంట్లోకి దిగిన విషం వల్ల వచ్చే నొప్పిని తగ్గించడం రెండో పని. వెనిగర్ మొదటి పనికి, వేడి లేదా చల్లదనం రెండో పనికి. వెనిగర్ పోసి "మంట తగ్గలేదే, ఇది పనిచేయదు" అనేవాళ్లు చాలామంది. అది మంట తగ్గించే మందే కాదు.

దంశకణం ఎలా పనిచేస్తుందో చూస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. తీగ నిండా ఉండే ఈ కణాల్లో కంటికి కనిపించనంత చిన్న కోశాలుంటాయి. ఒక్కో కోశంలో విషం, చుట్ట చుట్టుకుని ఉన్న బోలు దారం. లోపలి ఒత్తిడి దాదాపు 150 బార్, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 150 రెట్లు. జెల్లీఫిష్‌ల దూరపు చుట్టం హైడ్రా మీద అతివేగ కెమెరాతో కొలిచి 2006లో ప్రచురించిన లెక్క ప్రకారం, కోశం పేలడానికి 700 నానోసెకన్లు చాలు. త్వరణం గురుత్వాకర్షణకు 50 లక్షల రెట్లకు పైన. తగిలిన వెంటనే చెయ్యి లాక్కుంటే తప్పించుకోవచ్చనే ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. ఒక తాకిడికి పేలేవి కొన్నే. చర్మానికి అంటుకున్న తీగ ముక్కలో బోలెడన్ని పేలకుండా మిగిలిపోతాయి. వాటికి జెల్లీఫిష్ ఆజ్ఞ అక్కర్లేదు. ఒత్తిడి, రాపిడి, చుట్టూ ఉన్న నీటి ఉప్పదనంలో మార్పు, కొన్ని రసాయనాలు, ఇవి చాలు పేల్చడానికి. తెగిపోయిన తీగ, ఒడ్డున చచ్చిపడున్న జెల్లీఫిష్ కూడా కుట్టేది అందుకే. అది ఎండిపోయినట్టు కనిపించినా చేత్తో తీయకూడదు.

తీరరక్షక
పై మాటకు కొనసాగింపుగా, ఒడ్డున చేయాల్సిన క్రమం చెప్తాను.

ముందు మనిషిని నీళ్లలోంచి బయటికి తేవాలి. నొప్పికి కంగారుపడి మునిగిపోయే ప్రమాదం విషం కన్నా దగ్గరగా ఉంటుంది. తెచ్చాక కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. కుట్టించుకున్నవాళ్ల చేతులు వాటంతటవే అక్కడికి పోతాయి, రుద్దేస్తారు. వాళ్ల చేతుల్ని ఒకరు పట్టుకోవాల్సిందే. తువ్వాలుతో తుడవడం, ఇసుకతో రుద్దడం రెండూ చేటే.

ఆ తర్వాత ఊపిరి ఎలా ఉంది, మాట్లాడుతున్నారా, ఎంత మేర తగిలింది అని చూడాలి. దీనికి పది సెకన్లు చాలు. తేడా కనిపిస్తే అత్యవసర నంబరుకు ఒకరు ఫోన్ చేస్తుండగానే మిగతా పని మొదలవ్వాలి.

తర్వాత వెనిగర్ వాడే ప్రాంతమైతే వెనిగర్, కాకపోతే సముద్రపు నీళ్లు ధారగా పోయాలి. మంచినీళ్లు మాత్రం వద్దు, తాగడానికి తెచ్చిన సీసాలోవి కూడా. ఆ తర్వాత మిగిలిన తీగల్ని ట్వీజర్లతో ఒక్కొక్కటిగా పైకి ఎత్తి తీయాలి. పక్కకి ఈడవకూడదు, ఈడిస్తే పేలని కోశాలు కొత్త చర్మం మీదికి పాకుతాయి. నొప్పి సంగతి చివర.

లోతునీరు
తీరరక్షక గారూ, కార్డుతో గీకడం గురించి ఏమంటారు? చాలా పాత కరపత్రాల్లో అదే ఉంది. పైగా ట్వీజర్లు అందరి దగ్గరా ఉండవు కదండీ.

తీరరక్షక
గీకడమంటే నొక్కడమే. నొక్కితే కోశాలు పేలతాయి. కార్డు అంచు తీగని నలిపి చర్మంలోకి అదుముతుంది. తీగల్ని చర్మం మీద గీకి, తీసి పోల్చి చూసిన ప్రయోగాల్లోనూ గీకడమే ఎక్కువ హాని చేసింది. కొత్త కార్డులో ఆ ముక్క వద్దు.

ట్వీజర్లు లేకపోతే వేళ్లతో తీయవచ్చు. అరచేతి వైపు, వేళ్ల కొసల దగ్గర చర్మం మందంగా ఉంటుంది, దారాలు చాలావరకు లోపలిదాకా దిగవు. కొంచెం చురుక్కుమంటుంది, అంతే. చేతి వెనకవైపు, మణికట్టు, ముంజేయి మాత్రం తగలనివ్వకూడదు. గ్లౌజులుంటే మరీ మంచిది. తీసిన చేత్తో కళ్లు నలుపుకోకుండా జాగ్రత్త పడాలి.

అత్యవసరం
ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు వేరుగా చెప్పాలి. కార్డులో అవి మొదటి వరుసలో, పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పెద్ద బాక్స్ జెల్లీఫిష్, అంటే ఆస్ట్రేలియా ఉత్తర తీరంలో కనిపించే కిరోనెక్స్ ఫ్లెకెరి, దానికి దగ్గరి జాతులు. గొడుగు లాంటి ఒంటి నాలుగు మూలల నుంచీ మూలకి 15 దాకా తీగలు, సాగితే ఒక్కోటి 3 మీటర్లు. ఇది గట్టిగా చుట్టుకుంటే కొద్ది నిమిషాల్లోనే గుండె ఆగిపోవచ్చు. చర్మం మీద కొరడాతో కొట్టినట్టు అడ్డదిడ్డంగా చారలు, దగ్గరగా చూస్తే ఆ చారల్లో నిచ్చెన మెట్ల లాంటి అడ్డగీతలు కనిపిస్తాయి. మనిషి పడిపోయి ఊపిరి మామూలుగా లేకపోతే వెనిగర్ కోసం వెతుకుతూ కూర్చోకూడదు. వెంటనే సీపీఆర్: పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతి 30 నొక్కులకీ 2 ఊపిరులు. రెండో మనిషి ఉంటే వెనిగర్ వాళ్లు పోస్తారు. ఈ విషానికి విరుగుడు మందు ఆస్ట్రేలియాలో 1970 నుంచీ ఉంది. సీపీఆర్ ఆపకుండా సాగితే మనిషి కోలుకునే అవకాశం ఉంటుంది కాబట్టి మధ్యలో వదిలేయకూడదు.

ఇక ఇరుకాంజి అనే చిన్న బాక్స్ జెల్లీఫిష్. ఇది మోసం చేసే రకం. దీని శాస్త్రీయ నామం కారుకియా బార్నెసి, గొడుగు సుమారు సెంటీమీటరు. కుట్టినచోట చిన్న చురుకు, ఒక్కోసారి మచ్చ కూడా పడదు. 5 నుంచి 45 నిమిషాల్లో అసలు కథ మొదలవుతుంది: నడుములో, కడుపులో మెలిపెట్టే నొప్పి, కండరాలు పట్టేయడం, వాంతులు, చెమటలు, చెప్పలేని భయం, రక్తపోటు బాగా పెరగడం. కొందరికి గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఈ లక్షణాలకు కారణం ఈ చిన్న జీవేనని 1961లో జాక్ బార్న్స్ అనే వైద్యుడు తేల్చారు. పట్టుకున్న జెల్లీఫిష్‌తో తననీ, తన తొమ్మిదేళ్ల కొడుకునీ, ఒక లైఫ్‌గార్డునీ కుట్టించుకున్నారు. ముగ్గురూ ఆసుపత్రి పాలై బయటపడ్డారు. ఆ జాతి పేరులోని బార్నెసి ఆయనదే.

అందుకే ఉష్ణమండల సముద్రాల్లో "చిన్నగా చురుక్కుమంది, ఏం ఫర్వాలేదు" అన్న మనిషిని కూడా ముప్పావు గంట కనిపెట్టి ఉండాలి. ఒంటరిగా తిరిగి నీళ్లలోకి పంపకూడదు.

వీటితోపాటు ఏ జెల్లీఫిష్‌కైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు: ఊపిరాడకపోవడం, పెదవులు, నాలుక, గొంతు వాయడం, స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, ఆగని వాంతులు, ముఖం మీద లేదా కంట్లో కుట్టడం, ఒక కాలో చెయ్యో సగానికి పైగా చారలు పడటం. పసిపిల్లలైతే ఇంకా తొందరగా. ఒంటి బరువు తక్కువ కాబట్టి అంతే విషం వాళ్ల మీద ఎక్కువ పనిచేస్తుంది.

కడలి_ఈత
ఇది చాలా ఉపయోగపడింది, అత్యవసరం గారూ. ఇప్పుడు అసలు చిక్కు. ఏ జాతి కుట్టిందో ఈతగాడికి తెలియదు, చూసి ఉండడు కూడా. అలాంటప్పుడు వెనిగర్ పోయాలా వద్దా?

జంతుశాస్త్రి
జాతి తెలియకపోయినా ప్రాంతం తెలుస్తుంది. అదే ఆధారం. బాక్స్ జెల్లీఫిష్‌లు ఉండే ఉష్ణమండల తీరమైతే కుట్టింది అదే అనుకుని వెనిగర్ పోయాలి. ప్రాణం తీసేది అదే కాబట్టి పొరపాటు పడినా అటువైపు పడటమే క్షేమం.

బాక్స్ జెల్లీఫిష్‌ల మీద వెనిగర్ పనిచేస్తుందని 1980లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. పేలని కోశాలు మళ్లీ పేలలేని స్థితికి వెళ్లిపోతాయి. అంతకు ముందు స్పిరిట్ పోయమనేవారు. అదే ప్రయోగంలో స్పిరిట్ తగలగానే కోశాలు పేలిపోవడం సూక్ష్మదర్శినిలో కనిపించింది. ఈ నాటికీ స్పిరిట్, శానిటైజర్, సెంటు లాంటివి పూయకూడదనేది అందుకే.

2014లో ఒక ప్రయోగశాల పని వచ్చింది. అప్పటికే పేలిన కోశాల్లో మిగిలిన విషాన్ని వెనిగర్ బయటికి తోస్తుందని. అది చర్మానికి బదులుగా పెట్టిన పొర మీద చేసిన ప్రయోగం, మనుషుల మీద కాదు. దాని మీద వాదం నడిచింది, కానీ ప్రథమ చికిత్స సూచనలిచ్చే ఆస్ట్రేలియా పునరుజ్జీవన మండలి ఉష్ణమండల జాతులకు వెనిగర్ సలహాను మార్చలేదు. నా దృష్టిలో అదే సరి.

ఇక నీలిసీసా, అంటే ఫైసేలియా. నీటి మీద నీలం, ఊదా రంగు బుడగలా తేలుతుంది. వెనక తీగ 10 మీటర్లు మామూలే, 30 దాకా సాగుతుంది. నిజానికిది జెల్లీఫిష్ కూడా కాదు, చాలా చిన్న జీవులు కలిసి ఒకటిగా బతికే గుంపు. కుట్టినచోట ఒకటే పొడుగాటి గీత, దాని వెంట పూసలు గుచ్చినట్టు దద్దుర్లు. దీనికి ఆస్ట్రేలియా సూచనల్లో వెనిగర్ లేదు: సముద్రపు నీళ్లు, తర్వాత వేడినీళ్లు. హవాయిలో పనిచేసిన పరిశోధకులు 2017లో దీనికి ఎదురు చెప్పారు. వెనిగర్ మేలే చేస్తుంది, సముద్రపు నీళ్లే కోశాల్ని పక్కకి పాకిస్తాయి అని. ఇద్దరూ ఒప్పుకునేది వేడినీళ్లు ఒక్కటే.

పెలాజియా, క్రైసోరా లాంటి చల్లని, మధ్యస్థ సముద్రాల జాతుల్లో వెనిగర్ కొన్ని కోశాల్ని పేల్చినట్టు చూపిన ప్రయోగాలున్నాయి. వీటికి కొన్ని చోట్ల వంటసోడాని సముద్రపు నీటితో సగానికి సగం కలిపి ముద్దలా పూయమంటారు. ఒకటి గుర్తుంచుకోవాలి: వెనిగర్ మీద వంటసోడా పూస్తే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఏదో ఒకటే.

లోతునీరు
అంటే సముద్రపు నీళ్లు కూడా పూర్తిగా క్షేమం కాదన్నమాట. మరి బాక్స్ జెల్లీఫిష్ తీరంలో ఉండి వెనిగర్ లేకపోతే?

తీరరక్షక
అప్పుడు తీగల్ని వేళ్లతో ఎత్తి తీసేసి, తర్వాత సముద్రపు నీళ్లతో కడగాలి. ముందు తీయడం, తర్వాత కడగడం. తీగలుండగా నీళ్లు కుమ్మరిస్తే అవి కిందికి జారి తగలని చోట తగులుతాయి. నీళ్లు పోసేటప్పుడు కూడా గాయం పై నుంచి కిందికి, మంచి చర్మం మీదికి పారకుండా, చెయ్యో కాలో ఒక పక్కకి వంచి పోయాలి. ఇలాంటి చిన్న విషయాల్లోనే తేడా వస్తుంది.

వెనిగర్ పోసేటప్పుడు చేసే తప్పులు కూడా చెప్తాను. దూదిలో ముంచి అద్దుతారు, అది రుద్దడమే అవుతుంది. రెండు మూడు చుక్కలు చల్లి ఆపేస్తారు. కనీసం 30 సెకన్లు ఆగకుండా, చారలన్నీ తడిసేలా ధారగా పోయాలి. ఒక సీసా మొత్తం అయిపోతుంది కాబట్టి పెట్టెలో కనీసం లీటరు ఉంచుకోవాలి. సీసా మీద ఎసిటిక్ ఆమ్లం 4 నుంచి 6 శాతం అని ఉందో లేదో చూసుకోవాలి. తెల్ల వెనిగరా, గోధుమరంగు వెనిగరా అన్నది లెక్క కాదు, శాతమే లెక్క. గాఢమైన ఎసిటిక్ ఆమ్లాన్ని మాత్రం తెచ్చి పెట్టకూడదు, కంగారులో నీళ్లు కలపకుండా పోస్తే చర్మం కాలిపోతుంది.

తెరచాప
మూత్రం పోయడం, నిమ్మరసం, టూత్‌పేస్టు, బొప్పాయి పాలు... వీటిలో ఏదైనా పనిచేస్తుందా? ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు.

అత్యవసరం
ఏదీ పనిచేయదండి. మూత్రంలో ఉప్పు ఎంతుంటుందో మనిషిని బట్టి, తాగిన నీళ్లని బట్టి మారుతుంది. పలచగా ఉంటే మంచినీళ్లు పోసినట్టే, కోశాలు పేలతాయి. నిమ్మరసం వెనిగర్ కాదు, అందులోది వేరే ఆమ్లం. పూతలన్నిటిలోనూ ఇంకో చిక్కుంది, పూయాలంటే రుద్దాలి.

పాము కాటుకి కట్టినట్టు గట్టిగా కట్టు కట్టడం కూడా వద్దు. ఒకప్పుడు చెప్పేవారు, ఇప్పుడు మానేశారు. కట్టు కింద కోశాలు నలిగి ఇంకా విషం దిగుతుంది.

కడలి_ఈత
వేడినీళ్ల గురించి కొలతలు కావాలి. "భరించగలిగినంత వేడి" అని రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారు.

తీరరక్షక
నీళ్లు 45 డిగ్రీల సెల్సియస్, 20 నిమిషాలు. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో నీలిసీసా కుట్టిన 96 మంది మీద జరిపిన పరీక్ష ఫలితం 2006లో వచ్చింది. 20 నిమిషాల తర్వాత వేడినీళ్లు వాడినవాళ్లలో 87 శాతం మందికి నొప్పి తగ్గింది, ఐస్ వాడినవాళ్లలో 33 శాతం మందికి. అంత తేడా కనిపించేసరికి పరీక్ష మధ్యలోనే ఆపేశారు.

థర్మామీటరు ఉంటే సరే. లేకపోతే లెక్క ఇది: 25 డిగ్రీల మామూలు నీళ్లు 2.75 లీటర్లలో మరిగే నీళ్లు ఒక లీటరు కలిపితే దాదాపు 45 వస్తుంది. ఫ్లాస్కులో తెచ్చిన నీళ్లు 80 డిగ్రీలకి దిగి ఉంటే 1.75 లీటర్ల మామూలు నీళ్లకి ఒక లీటరు. ఎప్పుడూ చల్లనీళ్లు ముందు బకెట్లో పోసి, వేడివి తర్వాత కలపాలి. సాయం చేసేవాళ్లు తమ మోచేతిని అర నిమిషం పెట్టి చూసుకోవాలి. కుట్టించుకున్నవాళ్లని "ఎలా ఉంది?" అని అడిగి లాభం లేదు, ఆ నొప్పిలో వేడి తెలియదు. వాళ్ల చర్మం బొబ్బలెక్కాక కానీ తెలియదు. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

ఇంకో పొరపాటు, బకెట్టు అయిదు నిమిషాల్లో చల్లారిపోతుంది. మధ్య మధ్యలో కాలు బయటికి తీయించి, వేడినీళ్లు కలిపి, మళ్లీ చూసి పెట్టాలి. కాలు లోపల ఉండగా పైనుంచి పోయకూడదు. వీపు, పొట్ట లాంటి చోట్ల షవర్ కానీ, వేడినీళ్లలో పిండిన తువ్వాలు కానీ పనికొస్తుంది. తువ్వాలు పరచాలి, అదమకూడదు.

జంతుశాస్త్రి
ఒక జాగ్రత్త చేర్చాలి. బాక్స్ జెల్లీఫిష్ తీరాల్లో వేడినీళ్లు మొదటి మెట్టు కాదు. ముందు వెనిగర్, తీగలు తీయడం పూర్తవ్వాలి, ఆ తర్వాత నొప్పికి బట్టలో చుట్టిన ఐస్ ప్యాక్ అని అక్కడి సూచన. కరిగిన ఐస్ నీళ్లు చర్మం మీద కారకూడదు, అవీ మంచినీళ్లే కదా.

కడలి_ఈత
కార్డు ముసాయిదా ఇలా రాశాను, చూడండి. "నీళ్లలోంచి బయటికి. రుద్దొద్దు. ఊపిరి చూడు. వెనిగర్ 30 సెకన్లు, తర్వాత శుభ్రమైన నీళ్లతో కడుగు. తీగలు ఎత్తి తీయి. వేడినీళ్లు 20 నిమిషాలు."

తీరరక్షక
"శుభ్రమైన నీళ్లతో కడుగు" కొట్టేయండి కడలి గారూ. వెనిగర్ పోశాక దాన్ని కడగనక్కర్లేదు. "శుభ్రమైన" అంటే జనం తాగే నీళ్లే అనుకుంటారు. వెనిగర్ పక్కన "బాక్స్ జెల్లీఫిష్ ప్రాంతంలో" అని, లేని ప్రాంతానికి "సముద్రపు నీళ్లు" అని రెండు వరుసలు పెట్టండి. వేడినీళ్ల పక్కన 45 అనే అంకె తప్పనిసరి.

అత్యవసరం
"ఊపిరి చూడు" తర్వాత "లేకపోతే సీపీఆర్, ఫోన్" అని కూడా. అది లేకపోతే ఆ రెండు పదాలకి అర్థం లేదు.

మందులపెట్టె
మందుల వైపు నుంచి నాలుగు మాటలు. నొప్పికి పారాసెటమాల్, పెద్దవాళ్లకి 500 నుంచి 1000 మిల్లీగ్రాములు, రోజంతా కలిపి 4 గ్రాములు దాటకూడదు. పిల్లలకి బరువులో కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున, కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో. పిల్లలకి ఆస్పిరిన్ ఇవ్వకూడదు. దురదకి సెటిరిజిన్ పెద్దవాళ్లకి రోజుకి 10 మిల్లీగ్రాములు. 1 శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము పలచగా రోజుకి రెండుసార్లు, చర్మం చీలని చోట మాత్రమే, అదీ తీగలన్నీ తీసేశాక. మొదటి గంటలో క్రీములు వద్దు.

చాలామందిని భయపెట్టేది తర్వాత వచ్చే దద్దురు. మంట తగ్గి అంతా మర్చిపోయాక, వారం రెండు వారాలకి అదే చారల వెంట మళ్లీ ఎర్రగా ఉబ్బి దురద పుడుతుంది. కొత్తగా ఏదీ కుట్టలేదు, మిగిలిన విషపదార్థానికి ఒంటి రోగనిరోధక శక్తి ఆలస్యంగా ఎదురుతిరగడం అది. గోకకుండా క్రీము రాస్తే తగ్గుతుంది. చీము, వేడి, జ్వరం, గీత దాటి పాకే ఎరుపు ఉంటే అది వేరే సంగతి, ఇన్‌ఫెక్షన్, వైద్యుడు చూడాలి. మామూలు కాటుకి ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ మింగనక్కర్లేదు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఒకసారి చూసుకోండి.

తెరచాప
కంట్లో పడితే?

అత్యవసరం
కంటికి వెనిగర్ పనికిరాదు. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేసి, సెలైన్ లేదా శుభ్రమైన నీళ్లు 15 నిమిషాలు మెల్లగా పారించి నేరుగా కంటి వైద్యుడి దగ్గరికి. మంచినీళ్లతో కడగొద్దన్న నియమానికి కన్ను ఒక్కటే మినహాయింపు. కనురెప్పల చుట్టూ చర్మానికి వెనిగర్ కావాలంటే కన్ను మూయించి, గుడ్డ తడిపి అద్దాలి, ఒక్క చుక్కా లోపలికి పోకుండా.

లోతునీరు
ఇంకొక్కటి అడుగుతాను. ఈత దుస్తుల కింద మాత్రమే చిన్న చిన్న ఎర్రటి పొక్కులు వస్తుంటాయి, బయట చర్మం శుభ్రంగా ఉంటుంది. తీగలేవీ కనిపించవు. ఇదీ జెల్లీఫిష్ పనేనా?

జంతుశాస్త్రి
ఔను, వాటి పిల్లల పని. ఫ్లోరిడా, కరీబియన్ తీరాల్లో లినూకే ఉంగ్విక్యులేటా అనే చిన్న జెల్లీఫిష్ లార్వాలు బట్ట నేత సందుల్లో చిక్కుకుంటాయి. మిల్లీమీటరు కూడా ఉండవు. బట్ట ఒరిపిడికి, ఆరేటప్పుడు ఉప్పదనం మారడానికి పేలతాయి. అందుకే నడుముపట్టీ, భుజంపట్టీ బిగుతుగా ఉన్నచోటే పొక్కులు ఎక్కువ. అందరూ చేసే తప్పు, దుస్తులతోనే షవర్ కింద నిలబడటం. మంచినీళ్లు తగలగానే మిగిలినవన్నీ ఒక్కసారే పేలిపోతాయి. ముందు దుస్తులు విప్పేసి, ఆ తర్వాతే స్నానం.

తీరరక్షక
ఆ దుస్తుల్ని అలాగే ఆరేసి మర్నాడు తొడుక్కుంటే మళ్లీ కుడతాయి. ఎండిన కోశాలు తడి తగిలితే పనిచేస్తాయి. వేడినీళ్లలో సబ్బుపొడితో ఉతికి, వేడిగా ఆరబెట్టాలి. తీగలు తీసిన ట్వీజర్లు, గ్లౌజులు, తువ్వాళ్లకీ ఇదే వర్తిస్తుంది. వాటిని విడిగా ఒక సంచిలో కట్టి పెట్టండి, మిగతా బట్టలతో కలిపి బ్యాగులో తోయకండి.